బందరు నీళ్లు పడిన పరదేశి
నోబులు దొరగారి జీవితము

చదువవలసిన వాక్యభాగములు: యిర్మీయా 28, 29 అధ్యాయములు, హెబ్రీయులకు 11వ అధ్యాయము 8 నుండి 16 వచనములు.



ఆదివారమున ఆరాధన ముగియు వేళ మన గుడులలో ప్రార్థన మనవులు చెప్పుకొనుట వాడుక. ఇటీవలి సంవత్సరములలో ఆ మనవులలో ఒకటి తరచుగా వినబడుచున్నది. ఒక తల్లి లేచి, కువైటులో ఇంటిపనికి వెళ్లిన కుమార్తెకు అక్కడ మనసు కుదురుకొనవలెనని కోరును. ఒక తండ్రి లేచి, అమెరికాలో చదువుకొనుచున్న కుమారుడు రాత్రులు నిద్రపట్టక బాధపడుచున్నాడని చెప్పును. గుడివాడ మొదలుకొని దివిసీమ వరకు అనేక కుటుంబములలో ఒకరో ఇద్దరో సముద్రములకు ఆవల ఉన్నారు. క్రొత్త ఊరికి వెళ్లినవారిని మన పెద్దలు మొదట అడుగు ప్రశ్న ఒకటి యున్నది. అక్కడి నీళ్లు పడినవా అని అడుగుదురు. ఆ చిన్న మాటలో శరీరము సంగతియు, మనసు సంగతియు రెండును ఇమిడియున్నవి.

ఈ నెల మనము ధ్యానింపబోవు భక్తుడు పరదేశమునుండి మన బందరునకు వచ్చి, ఇచ్చటి నీళ్లు పడువరకు ఓపిక పట్టి, ఇరువది నాలుగేండ్లు ఇచ్చటనే ఉండి, ఇచ్చటనే కన్నుమూసెను. ఆయనే రాబర్టు టర్లింగ్టను నోబులు దొరగారు. ఆయన పేరు బందరు కళాశాలవలన మనకందరికి తెలిసినదే. కాని ఆ పేరు వెనుకనున్న మనిషి ఇల్లు విడిచి వచ్చిన ఒక పరదేశి అని మనము తరచుగా తలంచుకొనము.

బయలుదేరుట

నోబులు గారు 1809వ సంవత్సరమున ఇంగ్లాండు దేశములో లీస్టరు ప్రాంతమునందలి ఫ్రిస్బీ అను పల్లెలో జన్మించిరి. తండ్రి ఆ పల్లె సంఘమునకు గురువు. పల్లెటూరి గురువు ఇల్లు, ప్రక్కన గుడి, చుట్టును పచ్చిక బయళ్లు, ఇదే ఆయన బాల్యము. తరువాత కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో సిడ్నీ ససెక్సు కళాశాలలో చదివి, గురువుగా అభిషేకము పొందిరి. ఆయన వివాహము చేసికొనలేదు.

ఆ దినములలో కృష్ణా, గుంటూరు ప్రాంతములందు పని చేయుచున్న ఆంగ్ల అధికారులు కొందరు, తెలుగువారి మధ్య సువార్త పని లేకపోవుట చూచి, తమలో తాము చందాలు వేసికొని, లండనులోని చర్చి మిషనెరీ సంఘమునకు మనవి పంపిరి. ఆ పిలుపునకు ఇద్దరు ముందుకు వచ్చిరి. ఒకరు నోబులు గారు. రెండవవారు హెన్రీ వాట్సను ఫాక్సు గారు. ఫాక్సు గారు 1817లో పుట్టినవారు, ఆక్సుఫర్డులో చదివినవారు, క్రొత్తగా పెండ్లియైనవారు. ఈ ఇద్దరును, ఫాక్సు దొరసానిగారును 1841 మార్చిలో ఒకే ఓడ ఎక్కిరి.

సూయెజు కాలువ అప్పటికి లేదు. అది తెరువబడినది 1869లో. ఓడలు ఆఫ్రికా ఖండము కొన చుట్టి రావలసియుండెను. మార్చిలో బయలుదేరినవారు జూలైలో మద్రాసు చేరిరి. ఆ సంవత్సరములోనే బందరునకు వచ్చిరి. నేడు మన బిడ్డ హైదరాబాదులో విమానమెక్కి, మరునాటికి అమెరికాలో దిగి, దిగిన వెంటనే తల్లికి ముఖము చూపి మాటలాడుచున్నాడు. నోబులు గారు ఇంటికి ఒక ఉత్తరము వ్రాసినయెడల అది చేరి, దానికి జవాబు వచ్చుటకు నెలలు పట్టెడిది. ఉత్తరములో కుశలమని వ్రాసినవారు, అది చేతికందు వేళకు బ్రదికియున్నారో లేదో తెలియని కాలమది.

బందరు ఆనాడు

ఆయన దిగిన బందరు ఎట్టిది? 1611 నాటినుండి ఆంగ్ల వర్తకులు వ్యాపారము చేసిన పేరుగల రేవు. కలంకారీ అద్దకమునకు ప్రసిద్ధి. కాని నోబులు గారు వచ్చు నాటికి ఆ వైభవము తగ్గిపోయియుండెను. కోట చుట్టును ఉప్పు నేల, బురద, దోమలు. జ్వరములవలన దొరల సిపాయిలు అధికముగా చనిపోవుచుండుటచేత 1834లో వారి దళమును అక్కడినుండి తీసివేసిరి. అంతకు ముందే 1832, 1833 సంవత్సరములలో డొక్కల కరువు గుంటూరు, కృష్ణా సీమలను ఊడ్చివేసెను. బెజవాడ ఆనకట్ట ఇంకను కట్టబడలేదు. అది 1855లో పూర్తియాయెను. నేడు మనము చూచుచున్న పంట కాలువలు, రెండు కార్ల వరి చేలు ఆనాడు లేవు. వాన కురిసిన పంట, లేకున్న కరువు.

పల్లెటూరి గురువు ఇంటిలో చల్లని గాలికి అలవాటుపడిన దేహమునకు ఈ ఉక్క ఎట్లుండెనో మనము ఊహించుకొనవచ్చును. సామాను దించినంత మాత్రమున మనసు దిగదు. బెంగ అను మాట మన భాషలో ఉన్నది గదా. అది జ్వరమువలె ఒకసారి వచ్చి పోవునది కాదు. పని లేని సాయంకాలమున, పండుగనాడు, తెలిసిన పాట వినబడినప్పుడు తిరిగి వచ్చును. పరదేశమునకు వెళ్లిన ప్రతివానికి ఇది ఉన్నదే. భక్తి తక్కువగుటవలన వచ్చునది కాదు. బబులోను నదులయొద్ద కూర్చుండి ఏడ్చినవారు దేవుని ప్రజలే.

మరల పసిబిడ్డయగుట

బందరులో నోబులు గారు మొదట చేసిన పని ఏమి? పాఠశాల తెరచుట కాదు, ప్రసంగించుట కాదు. తెలుగు నేర్చుకొనుట. దాదాపు రెండు సంవత్సరములు ఆయన ముఖ్యముగా దీనికే ఇచ్చిరి. ఆ కాలపు దొరలు మునిషీ అనబడు పండితుని ఎదుట కూర్చుండి ఓనమాలు దిద్దుట వాడుక. బ్రౌను దొరగారి తెలుగు నిఘంటువు అప్పటికి అచ్చు కాలేదు. అది 1852లో వెలువడెను. తెలుగులో సంపూర్ణ బైబిలును ఆనాడు లేదు. సహాయములు కొద్ది, కష్టము పెద్ద.

కేంబ్రిడ్జిలో చదివి, గుడిలో ప్రసంగించి, నలుగురిచేత గౌరవింపబడిన మనిషి ముప్పది రెండేండ్ల ప్రాయమున ళకారమునకును లకారమునకును భేదము పలుకలేని పసివాడయ్యెను. వీధిలో ఆడుకొను పిల్లవానికి వచ్చిన మాట ఆయనకు రాదు. పరదేశ జీవితములో బహుశా మిక్కిలి బాధ కలిగించునది ఇదియే. ఇంటియొద్ద పది మందిలో మాటకు విలువగలవాడు అక్కడ నోరులేనివాడగును. మన ఊరిలో పాఠము చెప్పిన ఉపాధ్యాయుడు గల్ఫులో బండి నడుపును. మన ఆసుపత్రిలో నలుగురిపై పెద్దగానుండిన నర్సమ్మ అక్కడ భాష పరీక్ష వ్రాయుటకు చిన్నపిల్లలతో కూర్చుండును. ఈ తగ్గింపును అవమానమని తలంచినవాడు కోపముతో కుమిలిపోవును. మరల నేర్చుకొను వయస్సు వచ్చినదని తలంచినవాడు మెల్లమెల్లగా నిలబడును. పరలోకరాజ్యము చిన్నబిడ్డలవంటివారిదని ప్రభువు చెప్పిన సంగతిని ఈ కోణమునుండి కూడ ధ్యానింపదగును.

యిర్మీయా గ్రంథములో ఒక సంగతి గమనింపుడి. చెరగా కొనిపోబడినవారిని గూర్చి హనన్యా అను ప్రవక్త, రెండేండ్లలో అందరును తిరిగి వచ్చెదరని చెప్పెను. అది వినుటకు తియ్యగా నుండెను. యిర్మీయా అట్లు చెప్పలేదు. అక్కడ ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుకొనుడి, పిల్లలకు పెండ్లిండ్లు చేయుడి, ఆ పట్టణ క్షేమము కొరకు ప్రార్థింపుడి అను భావముతో ఉత్తరము వ్రాసెను. తిరిగి వచ్చుటకు డెబ్బది ఏండ్లు పట్టునని చెప్పెను. మనవారును వెళ్లునప్పుడు రెండేండ్లు, ఆ తరువాత వచ్చివేయుదుమని చెప్పుదురు. అట్లు తలంచుచు పెట్టె విప్పకుండ కూర్చున్నవానికి ఈ ఊరును లేదు, ఆ ఊరును లేదు. నోబులు గారు హనన్యా లెక్క వేసికొనలేదు. ఆ రెండేండ్లను భాషకు ఇచ్చివేసిరి.

తోటి ప్రయాణికుని కథ

ఇక్కడ ఫాక్సు గారిని మరువరాదు. ఒకే ఓడలో వచ్చి, ఒకే ఊరిలో దిగిన ఇద్దరికి ఒకే విధముగా నీళ్లు పడవు. ఫాక్సు గారు వీధులలోను, పల్లెలలోను, తిరునాళ్లలోను తెలుగులో ప్రసంగించుచు తిరిగిరి. కాని బందరు గాలి ఆ కుటుంబమునకు సరిపడలేదు. ఆరోగ్యము కొరకు నీలగిరి కొండలకు పోయి కొంతకాలముండిరి. తుదకు 1845లో భార్యాబిడ్డలతో ఇంగ్లాండునకు బయలుదేరిరి. ఓడ మద్రాసు విడువక మునుపే ఆ సంవత్సరము నవంబరులో దొరసానిగారు మరణించిరి. కొద్ది దినములలోనే పసిబిడ్డయు చనిపోయెను. మిగిలిన పిల్లలను వెంటబెట్టుకొని ఆయన ఒంటరిగా సముద్రము దాటిరి.

పిల్లలను బంధువుల చేతికి అప్పగించి, ఆయన మరల బందరునకు వచ్చిరి. ఈ రెండవ రాక మొదటిదానికంటె ఎంత కష్టమైనదో పిల్లలను ఊరిలో అవ్వాతాతలయొద్ద విడిచి గల్ఫునకు రెండవసారి వెళ్లిన తల్లులకు తెలియును. కాని దేహము సహకరింపలేదు. 1848లో తిరిగి ఇంగ్లాండునకు వెళ్లవలసివచ్చెను. ఆ సంవత్సరము అక్టోబరులో, ముప్పది ఒక్క ఏండ్ల ప్రాయమున, ఆయన ప్రభువు సన్నిధికి చేరిరి.

అట్లయిన ఫాక్సు గారు ఓడిపోయినట్లా? లేదు. ఇంటికి వెళ్లిన తరువాతను ఆ కొద్ది నెలలు మిషనెరీ సంఘము కార్యాలయములో తెలుగు పని కొరకే పాటుపడిరి. ఆయన బాల్యమున చదివిన రగ్బీ పాఠశాలవారు ఆయన జ్ఞాపకార్థముగా ధనము కూర్చి, నోబులు గారి పాఠశాలలో ఒక ఉపాధ్యాయుని నిలిపిరి. తల్లిని పోగొట్టుకొనిన ఆ పిల్లలలో ఒకరైన హెన్రీ ఎలియటు ఫాక్సు గారు పెద్దవారై అదే చర్చి మిషనెరీ సంఘమునకు కార్యదర్శియైరి. పరదేశమునుండి అనుకొనినదానికంటె ముందుగా తిరిగి వచ్చిన బిడ్డలు మన ఊళ్లలో ఉన్నారు. ఉద్యోగము పోయి వచ్చినవారు, జబ్బుపడి వచ్చినవారు, మనసు తట్టుకొనలేక వచ్చినవారు. వారిని చూచి ఏమి సంపాదించుకొని వచ్చినావని అడుగు నాలుకలు కూడ మన ఊళ్లలో ఉన్నవి. అట్టి నాలుకలను ప్రభువు అదుపులో ఉంచునుగాక. వెళ్లుటలోను, నిలుచుటలోను, తిరిగి వచ్చుటలోను దేవుని చేయి ఉండవచ్చును.

పని మనసును నిలుపును

నోబులు గారు 1843లో బందరులో ఆంగ్ల పాఠశాల తెరచిరి. మొదట వచ్చిన పిల్లలు బహు కొద్దిమంది. ప్రతిదినము పాఠములతోపాటు బైబిలు బోధింపబడుచుండెను. పట్టణపు పెద్దలు అనుమానముతో చూచిరి. అయినను ఆయన దినదినమును అదే వేళకు, అదే బల్ల దగ్గర, అదే పని చేసిరి. సంవత్సరములు గడచినకొలది పిల్లలు పెరిగిరి. షార్కీ గారు మొదలగు తోటి పనివారు కలిసిరి. షార్కీ అమ్మగారు బాలికల కొరకు పాఠశాల నడిపిరి.

బెంగకు మందు కనుగొనినవారెవరును లేరు. కాని ప్రతిదినము ఒకరికి ఉపయోగపడు పని ఒకటి యున్నయెడల బెంగ అదుపులో ఉండును. ఈ సత్యము నోబులు గారి జీవితములో స్పష్టముగా కనబడుచున్నది. ఆయన అనేక పనులు ఎత్తుకొనలేదు. ఊరూరు తిరుగలేదు. ఒక ఊరు, ఒక పాఠశాల. చూచుటకు ఇరుకైన జీవితమే. కాని పరదేశిని ఆ ఊరివానిగా చేసినది ఆ ఇరుకే. వీధిలో పిల్లల పేర్లు తెలిసినవాడు ఆ వీధికి పరాయివాడు కాజాలడు.

సొంత ఊరిలో పరదేశులు

1852లో ఆ పాఠశాల విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మము పొందిరి. ఒకరు బ్రాహ్మణ కుటుంబీకుడైన మంచాల రత్నము గారు. ఒకరు వెలమ కుటుంబీకుడైన ఐనాల భూషణము గారు. పట్టణము అట్టుడికిపోయెను. తలిదండ్రులు తమ పిల్లలను మాన్పించిరి. పాఠశాల దాదాపు ఖాళీయాయెను. దాదాపు తొమ్మిదేండ్ల కష్టము ఒక్క వారములో కూలిపోయినట్లు కనబడెను.

కాని ఆ దినములలో దొరగారికంటె ఎక్కువ పోగొట్టుకొనినవారు ఆ యువకులు. వారు ఓడ ఎక్కలేదు. సముద్రము దాటలేదు. తాము పుట్టిన ఇంటినుండి కొన్ని వీధులు దాటి నోబులు గారి ఇంటికి వచ్చిరి, అంతే. అయినను ఆ కొద్ది దూరము ఇంగ్లాండుకంటె దూరమాయెను. కన్నతల్లి గొంతు వినబడునంత దగ్గరలోనుండి, ఆ ఇంటి గడప త్రొక్కలేకపోయిరి. తినుట, కట్టుట, కూర్చుండుట, అన్నియు మరల నేర్చుకొనవలసివచ్చెను. అప్పుడు వారిని ఆదుకొనగలిగినవాడెవడు? తానును ఇల్లు విడిచి వచ్చినవాడు, ఆ నొప్పి ఎరిగినవాడు. పరదేశిగా పడిన కష్టము వ్యర్థము కాదు. దేవుడు దానిని మరియొక పరదేశిని ఓదార్చుటకు వాడుకొనును. ఐగుప్తులో పరదేశులైయుంటిరి గనుక పరదేశి మనస్సు మీకు తెలియునని ధర్మశాస్త్రము జ్ఞాపకము చేయుట ఇందుకే.

రత్నము గారును, భూషణము గారును తరువాత గురువులుగా అభిషేకము పొంది మన దేశములో సేవ చేసిరి. అదే పాఠశాలలో చదివి క్రీస్తును అంగీకరించిన మరియొక విద్యార్థి, మహమ్మదీయ కుటుంబమునకు చెందిన జానీ అలీ గారు, ఇంగ్లాండు వెళ్లి నోబులు గారు చదివిన కేంబ్రిడ్జిలోనే పట్టము పొంది, తిరిగి స్వదేశమునకు వచ్చి మిషనెరీగా పని చేసిరి. గురువు ఏ త్రోవన వచ్చెనో శిష్యుడు ఆ త్రోవన వెళ్లి తిరిగి వచ్చెను.

ఎంతవరకు సర్దుకొనవలెను?

భక్తుల జీవితములు వ్రాయునప్పుడు మచ్చలను దాచుట మంచిది కాదు. బైబిలు దావీదు మచ్చను దాచలేదు. నోబులు గారి పాఠశాల పై కులములవారి పిల్లల కొరకు ఏర్పడెను. మాల మాదిగ పిల్లలకు అందులో ప్రవేశము లేకుండెను. పై కులములవారు మారినయెడల సమాజమంతయు మారునని ఆయన నమ్మకము. అట్టి పిల్లలను చేర్చుకొనినయెడల తక్కినవారు రారను భయము. ఈ పద్ధతిని గూర్చి ఆ కాలములోనే వాదములు కలిగెను. ఈ పత్రికను చదువుచున్న మనలో అనేకుల ముత్తాతలు ఆనాడు ఆ పాఠశాల గడపకు బయటనే నిలువవలసినవారు. ఈ సంగతి మనకు నొప్పి కలిగించును. కలిగించవలెను కూడ.

పరదేశమునకు వెళ్లినవాడు ఆ దేశపు తిండికి, బట్టకు, భాషకు, వేళలకు సర్దుకొనవలసినదే. కాని ఆ దేశపు అన్యాయమునకు కూడ సర్దుకొనవలెనా? దానియేలు బబులోను భాష నేర్చుకొనెను, బబులోను పేరు పెట్టించుకొనెను, బబులోను రాజు కొలువులో పని చేసెను. కాని ఒక గీత దాటలేదు. నోబులు గారు ఈ ఒక్క సంగతిలో ఊరి ఆచారమునకు ఎక్కువగా తల వంచిరని మనము నమ్రతతో చెప్పవచ్చును. మన బిడ్డలకు ఇది హెచ్చరిక. వెళ్లిన చోట రంగునుబట్టి, జాతినిబట్టి, జీతమునుబట్టి మనుష్యులను చిన్నచూపు చూచు వాడుక ఉన్నయెడల, సర్దుకొనుట అను పేరుతో దానిని నేర్చుకొనరాదు. మనలోనుండి కులపు పట్టింపును మూట గట్టుకొని అమెరికాకు మోసికొనిపోవుటయు అంతే పాపము.

అయితే దేవుని పని ఒక మనుష్యుని పొరపాటు దగ్గర ఆగిపోదు. 1859లో బెజవాడ దగ్గర రాఘవాపురములో మాల కులమునకు చెందిన పగోలు వెంకయ్య గారు, డార్లింగు దొరగారిచేత బాప్తిస్మము పొందిరి. గడపకు బయట ఉంచబడినవారి యొద్దకు ప్రభువు తానే వెళ్లెను. అక్కడినుండి వెలుగు ఊరునుండి ఊరికి ప్రాకెను. బందరులో పాఠశాల తలుపు మూయబడియున్న కాలముననే పల్లెలో వేరొక తలుపు తెరువబడెను.

ఉప్పెన

1864 నవంబరు 1వ తేది రాత్రి బందరుమీద ఉప్పెన వచ్చి పడెను. సముద్రము మైళ్లకొలది లోపలికి చొచ్చివచ్చెను. ఆ ఉపద్రవములో దాదాపు ముప్పది వేలమంది చనిపోయిరని లెక్క. షార్కీ అమ్మగారి పాఠశాలలోని బాలికలు అనేకులు ఆ నీటిలో కొట్టుకొనిపోయిరి. 1977 నవంబరు 19న దివిసీమలో జరిగినది కన్నులార చూచినవారు నేటికిని మన సంఘములలో ఉన్నారు. ఆ రాత్రి ఎట్టిదో వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఒక ఊరికి మనము చెందినవారమా కామా అనునది సుఖములో తేలదు. ఆ ఊరు ఏడ్చినప్పుడు తేలును. రూతు నయోమికి చేసిన ప్రమాణములో చివరకు ఆమె తలంచినది సమాధి స్థలమును గూర్చియే. నోబులు గారు అప్పటికి ఇరువది మూడేండ్లుగా ఒక్కసారియైనను స్వదేశమునకు పోలేదు. ఉప్పెన తరువాతను పోలేదు. మరి ఒక సంవత్సరమైనను నిండలేదు. 1865 అక్టోబరు 17న బందరులోనే ఆయన ప్రభువునందు నిద్రించిరి. ఫ్రిస్బీ పల్లెలో పుట్టిన దేహము బందరు మట్టిలో కలిసెను.

ఆయన పాఠశాల ఆయన పేరనే కళాశాలయై నేటికిని ఉన్నది. రఘుపతి వెంకటరత్నము నాయుడు గారివంటి మహోపాధ్యాయులు అందులో బోధించిరి. ఒకనాడు తెలుగు అక్షరములు దిద్దుకొనిన పరదేశి పేరు తెలుగువారి ఊరి పేరుతో కలిసిపోయెను. ఆయన పేరును నేడు బందరులో ఎవరును పరాయి పేరని తలంపరు.

మనకు పాఠము

ప్రియులారా, ఈ జీవితమునుండి పరదేశములోనున్న మన బిడ్డలకు వ్రాయదగిన సంగతులు నాలుగు కనబడుచున్నవి.

మొదటిది, భాషకు సమయమిమ్మనుడి. ఆరు నెలలలో అంతయు కుదురుకొనవలెనని తొందరపెట్టకుడి. నోబులు గారికే రెండేండ్లు పట్టెను.

రెండవది, జీతము తెచ్చు పనియే గాక, ఆ ఊరిలో ఎవరికైన మేలు చేయు చిన్న పని ఒకటి పట్టుకొమ్మనుడి. గుడిలో కుర్చీలు సర్దుటయైనను చాలును. ఆ ఊరి క్షేమములోనే మన క్షేమమున్నదని యిర్మీయా వ్రాసినది వట్టి మాట కాదు.

మూడవది, ఇల్లు జ్ఞాపకము వచ్చి ఏడ్చినందుకు సిగ్గుపడవలదనుడి. తట్టుకొనలేని దినము వచ్చినయెడల దాచుకొనక చెప్పుమనుడి. వైద్యుని చూడుమనుడి. అవసరమైన తిరిగి వచ్చివేయుమనుడి. ఫాక్సు గారికి తలుపు తెరచిన దేవుడే మన బిడ్డకును తలుపు తెరచును.

నాలుగవది, సర్దుకొనుటకు ఒక గీత ఉన్నదని చెప్పుడి.

ఇక ఊరిలోనున్న మనకు కూడ ఒక పని యున్నది. మన చేపల చెరువులయొద్ద, రొయ్యల చెరువులయొద్ద, ఇటుక బట్టీలయొద్ద ఒడిశా మొదలగు దూరప్రాంతములనుండి వచ్చినవారు గుడిసెలు వేసికొని బ్రదుకుచున్నారు. వారికి తెలుగు రాదు. మన నీళ్లు వారికి ఇంకను పడలేదు. పండుగనాడు వారికి ఇల్లు జ్ఞాపకము వచ్చును. వారిని పలుకరించిన సంఘస్థులు మనలో ఎందరు? కువైటులో మన కుమార్తెను ఎవరైన ఆదరింపవలెనని ప్రార్థించు తల్లి, తన పొలముగట్టున నున్న పరాయి ఇంటి కుమార్తెకు ఒక గిన్నెడు కూర పంపినయెడల, ఆ ప్రార్థన అప్పుడే సగము నెరవేరినట్లు. వచ్చు క్రిస్మసునకు మీ గుడి పెద్దలు అట్టి కుటుంబము ఒక్కటినైన విందునకు పిలువుడి.

అబ్రాహాము గుడారములలో నివసించెను. నోబులు గారు బందరులో నివసించిరి. మనము మన పుట్టిన ఊరిలోనే ఉన్నను ఈ లోకములో యాత్రికులమే. మనకొరకు ఒక పట్టణము సిద్ధపరచబడియున్నది. అక్కడ ఎవనికిని భాష నేర్చుకొను కష్టముండదు. గడప బయట ఎవడును నిలువబడడు.

ప్రార్థన: పరదేశులను కాపాడు దేవా, దూరదేశములలోనున్న మా బిడ్డలను నీ రెక్కల నీడలో ఉంచుము. వారికి ఓపికను, పనిని, మంచి పొరుగువారిని అనుగ్రహింపుము. తిరిగి వచ్చినవారిని ఆదరించు మనస్సు మాకిమ్ము. మా ఊరికి వచ్చిన పరాయివారికి మమ్మును మంచి పొరుగువారినిగా చేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.